708 మెజారిటీ, 12 వేల గ్లాసు ఓట్లు: తిరుపతిలో ఓటు ఎప్పుడు మురుగుతుంది?

2019 అసెంబ్లీ ఎన్నికల్లో తిరుపతి సీటు 708 ఓట్ల దగ్గర తేలింది. వైసీపీ నుంచి భూమన కరుణాకరరెడ్డి గెలిచారు, తెలుగుదేశం నుంచి సుగుణమ్మ ఓడారు. మూడో స్థానంలో జనసేనకు 12 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. ఇలాంటి ఫలితం వచ్చిన ప్రతిసారీ మూడో పార్టీకి వేసినవాళ్లు పడాల్సిన మాట ఒకటుంది: "మీ ఓటు మురగబెట్టుకున్నారు, పోతూ పోతూ మమ్మల్నీ ముంచారు."

ఐదేళ్లు తిరిగాయి. 2024లో అదే తిరుపతి సీటు తెలుగుదేశం, బీజేపీలతో పొత్తులో జనసేనకే వచ్చింది. గ్లాసు గుర్తు మీద ఆరణి శ్రీనివాసులు 61,956 మెజారిటీతో గెలిచారు. 2019లో మురిగిపోయాయని లెక్కేసిన ఓట్లు, 2024 సీట్ల బేరంలో పెట్టుబడిగా తేలాయి. పొత్తులో ఆ సీటు అడగడానికి జనసేనకు వేరే కారణాలూ ఉన్నాయి. 2009లో ప్రజారాజ్యం అధినేతగా చిరంజీవి పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచిన సంగతి ఎవరూ మరవలేదు. కానీ "మా ఓటు లేకపోతే మీరు 708తో పోయారు" అనే మాటకు బేరంలో ఉండే బరువు వేరు.

కాబట్టి చిన్న పార్టీకి వేస్తే ఓటు వృథా అవుతుందా, కాదా అని గాల్లో అడిగితే జవాబు దొరకదు. ఏ నియోజకవర్గం, ఏ మెషీన్ (అసెంబ్లీదా, లోక్‌సభదా), ఏ ఏడాది, మొదటి ఇద్దరి మధ్య ఎంత దూరం, ఆ చిన్న పార్టీ తనకొచ్చిన ఓట్లను రేపు ఏం చేసుకుంటుంది: ఇవి తెలియాలి. లోక్‌సభ ఎన్నికైతే దీనికి దిల్లీ లెక్క కూడా తోడవుతుంది.

"ఓట్లు చీల్చారు" అంటే ఎంత చీల్చినట్టు?

మన దగ్గర అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు. సగం దాటాలన్న నియమం లేదు. ఈ పద్ధతి ఉన్నచోట జనం నెమ్మదిగా మొదటి ఇద్దరి చుట్టూ చేరతారని ఫ్రెంచి రాజకీయ శాస్త్రవేత్త మారిస్ డువెర్జే 1950ల్లోనే చెప్పాడు. గెలవలేడని తెలిసినవాడికి వేయడానికి ఓటరుకు మనసొప్పదు, గెలవలేమని తెలిసిన పార్టీకి డబ్బు పెట్టడానికి నాయకుడికీ మనసొప్పదు. ఆంధ్రలో ఇది కళ్లముందే కనిపిస్తుంది. 2014 నుంచి వరుసగా మూడు ఎన్నికల్లో కాంగ్రెస్‌కు ఇక్కడ ఒక్క ఎంపీ లేడు, ఒక్క ఎమ్మెల్యే లేడు.

అయితే "చీల్చారు" అనే ఆరోపణను కాస్త నిదానంగా కూడి తీసి చూడాలి. 2019 తిరుపతినే తీసుకుందాం. జనసేన బరిలో లేకపోతే ఆ 12 వేల మంది ఏం చేసేవారు? 100 మందిలో 40 మంది సైకిల్‌కు, 30 మంది ఫ్యానుకు వేసి, మిగతా 30 మంది ఇంట్లోనే ఉండిపోయారనుకుందాం. సైకిల్‌కు నికరంగా 1,200 కలుస్తాయి, ఫలితం తిరగబడుతుంది. అదే 36, 32, 32గా విడిపోతే నికరం 480 మాత్రమే, భూమన గెలుపు అలాగే ఉంటుంది. అంటే తిప్పడానికి కావలసింది 100కు ఆరుగురి నికర మొగ్గు. ఆ ఆరుగురు ఉన్నారా లేదా అన్నది మెషీన్ చెప్పదు. ఓటరు రెండో ఇష్టం ఎవరో ఈవీఎంకు తెలియదు. మూడో అభ్యర్థి ఓట్లు మెజారిటీ కంటే ఎక్కువ ఉన్నంత మాత్రాన ఓటమికి ఆయనే కారణమని రాసేయడం టీవీ చర్చలకు సరిపోతుందేమో, లెక్కకు నిలవదు.

లెక్కలో జనం తరచూ తప్పేది ఇంకోచోట ఉంది. మూడో పార్టీ నుంచి ఒక ఓటు రెండో స్థానంలోని అభ్యర్థికి జరిగితే తేడా ఒకటే తగ్గుతుంది. మొదటి అభ్యర్థి దగ్గర్నుంచి రెండో అభ్యర్థికి జరిగితే రెండు తగ్గుతాయి. 708 తేడాను తుడిచేయడానికి మూడో పార్టీ వైపు నుంచి 709 మంది రావాలి. గెలిచిన పార్టీ వైపు నుంచైతే 355 మంది చాలు. ఓడిన పెద్ద పార్టీలు చిన్న పార్టీ గుమ్మంలో నిలబడి తిట్టేబదులు అవతలి పెద్ద పార్టీ ఓటరు దగ్గరికి పోతే పని సగమే. ఆ పని మాత్రం ఎవరికీ నచ్చదు.

2024లో తిరుపతి ఓటరు రెండు మెషీన్ల మీద రెండు లెక్కలు వేశాడు

తిరుపతి లోక్‌సభ స్థానం తిరుమల కొండ పాదం నుంచి పులికాట్ ఒడ్డు దాకా సాగుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి, సర్వేపల్లి: ఏడు అసెంబ్లీ స్థానాలు. ఓటర్లు 17 లక్షల పైమాటే. ఎస్సీ రిజర్వుడు స్థానం.

2024 మే 13న ఈ ఏడు చోట్లా ఓటర్లు ఒకే రోజు రెండు ఓట్లు వేశారు. అసెంబ్లీకి ఏడుకు ఏడూ కూటమికే దక్కాయి. ఆరు తెలుగుదేశానికి, తిరుపతి జనసేనకు. ఆ ఏడు మెజారిటీలూ కలిపితే లక్షన్నర దాటుతాయి. లోక్‌సభ మెషీన్ల దగ్గరికొచ్చేసరికి కూటమి అభ్యర్థిగా నిలిచిన బీజేపీ నేత వరప్రసాదరావు మీద వైసీపీ అభ్యర్థి మద్దిల గురుమూర్తి 14,569 ఓట్లతో గెలిచారు. కాంగ్రెస్ నుంచి చింతా మోహన్‌కు 65 వేల పైచిలుకు వచ్చాయి.

ఇక్కడ కాసేపు ఆగాలి. అసెంబ్లీలో కూటమికి లక్షన్నరకు పైగా ఆధిక్యం, లోక్‌సభలో 14 వేల లోటు. మధ్యలో కనీసం లక్షా 64 వేల ఓట్ల ఊపు ఉంది. ఒక మనిషి ఒకవైపు నుంచి అవతలి వైపుకు నేరుగా మారితే తేడాలో గరిష్ఠంగా రెండు మారతాయి. అంటే 80 వేల మందికి తక్కువ కాకుండా జనం రెండు మెషీన్ల మీద రెండు వేర్వేరు వైపులు నొక్కితే తప్ప ఈ ఫలితం రాదు. కొందరు ఫ్యాను కాకుండా హస్తం వైపు మళ్లితే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఇంతమందికి పొరపాటున వేలు జారదు. దీన్ని మన పత్రికలు 'క్రాస్ ఓటింగ్' అని ఒక మాటలో తేల్చేస్తాయి. నిజానికి వ్యూహాత్మక ఓటు అంటే ఇదే. ఎమ్మెల్యే దగ్గర ఒక ప్రశ్న, ఎంపీ దగ్గర ఇంకో ప్రశ్న, రెంటికీ రెండు జవాబులు.

ఎందుకలా వేశారన్నదానికి ఒక్క కారణం చూపలేం. వరప్రసాదరావు 2014లో ఇదే స్థానంలో వైసీపీ ఎంపీగా గెలిచారు, 2019లో అదే పార్టీ తరఫున గూడూరు ఎమ్మెల్యే అయ్యారు, ఎన్నికల ముందు బీజేపీలోకి వచ్చారు. సైకిల్‌కు అలవాటు పడిన చెయ్యి కమలం మీదికి వెళ్లడానికి తడబడి ఉండొచ్చు. బీజేపీ అంటే ససేమిరా అనే ఓటర్లు కొందరు ఎమ్మెల్యేకు సైకిల్ నొక్కి, ఎంపీకి ఫ్యాను నొక్కి ఉండొచ్చు. పొత్తు పెట్టుకున్నంత మాత్రాన ఓటు గంపగుత్తగా బదిలీ కాదన్నది మాత్రం తేలిపోయింది. నాయకులు వేదిక మీద చేతులు కలిపి పైకెత్తుతారు. ఓటరు చెయ్యి కంపార్ట్‌మెంట్ అట్ట వెనకాల ఉంటుంది.

ఇప్పుడు ఈ 14,569ను ఒక బూత్ సైజుకు కుదించి చూద్దాం. బూత్‌కు సుమారు వెయ్యి మంది ఓటర్ల చొప్పున 1,700 బూత్‌లు అనుకుంటే, సగటు బూత్‌లో ఫ్యానుకు 372, కమలానికి 363, హస్తానికి 38 పడ్డట్టు. తేడా తొమ్మిది లోపే. ఐదుగురు మారితే ఫలితం మారుతుంది. ఒక కుటుంబం, పోనీ ఒక ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్లతో కలిపి. ఇలాంటిచోట హస్తానికి వేసిన ఆ 38 మందిని "మీకు మిగతా ఇద్దరిలో ఎవరు తక్కువ చేదు?" అని అడగడం న్యాయమైన ప్రశ్నే.

దిల్లీ లెక్క వేరే

ఆ 38 మంది జవాబు కూడా వినాలి. దిల్లీలో కాంగ్రెస్ సారథ్యంలోని కూటమి రావాలని కోరుకునే తిరుపతి ఓటరుకు 2024లో మొదటి ఇద్దరిలో తన మనిషి లేడు. ఒకరు ఎన్డీయే అభ్యర్థి. ఇంకొకరి పార్టీ రెండు కూటములకూ బయట ఉంది, అంతకు ముందు ఐదేళ్లు పార్లమెంటులో చాలా కీలక బిల్లులకు కేంద్రంతో కలిసి ఓటేసింది. అలాంటి ఓటరుకు 'వ్యూహం' అంటే ఎన్డీయేకు ఒక సీటు తగ్గించడం ఒక్కటే, తన వైపు ఒకటి పెంచడం చేతిలో లేదు. బ్రిటన్ గురించో, ఉత్తరప్రదేశ్ గురించో రాసిన వ్యూహాత్మక ఓటు వ్యాసాలను తెచ్చి ఇక్కడ అతికిస్తే అతకనిది ఇందుకే. అక్కడ మొదటి ఇద్దరూ సాధారణంగా దేశస్థాయిలో ఎదురెదురు పక్షాలు. ఇక్కడ మొదటి ఇద్దరూ రాష్ట్రంలో బద్ధశత్రువులు, దిల్లీలో మాత్రం ఒకే గుమ్మం ముందు నిలబడగలరు.

ఒక ఎంపీ సీటు విలువ కూడా ఏటా ఒకలా ఉండదు. 2019లో బీజేపీకి సొంతంగానే 303 వచ్చాయి. ఆంధ్ర నుంచి వైసీపీ 22 మందిని పంపినా వాళ్ల అవసరం ఎవరికీ పడలేదు. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగింది, కావలసింది 272. తెలుగుదేశం 16 సీట్లు ఒక్కసారిగా బంగారమయ్యాయి. ఓటరుకు ఈ సంగతి పోలింగ్ నాటికి తెలియదు. మన రాష్ట్రంలో నాలుగో విడతలో పోలింగ్ జరిగితే చివరి విడత జూన్ 1న ముగిసింది. అప్పటిదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టడం చట్టరీత్యా నేరం. అంతకు ముందొచ్చిన సర్వేల్లో ఎక్కువ భాగం బీజేపీకి సొంతంగా మెజారిటీ ఖాయమన్న ధోరణిలోనే సాగాయి. దిల్లీ బొమ్మను ఊహించి ఇక్కడ ఓటు లెక్కేసుకున్నవాళ్ల లెక్క ఆ ఏడాది తప్పింది.

పోయినసారి మెజారిటీని నమ్మొచ్చా?

తిరుపతి లోక్‌సభ మెజారిటీలు వరసగా: 2014లో 37,425. 2019లో 2,28,376. సిట్టింగ్ ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు మరణంతో 2021 ఏప్రిల్‌లో జరిగిన ఉప ఎన్నికలో 2,71,592. 2024లో 14,569. నాలుగుసార్లూ గెలిచింది వైసీపీయే. 2021 ఫలితం చూసి "ఇక్కడ ఎలాగూ ఫ్యానుదే, నా ఓటుతో అయ్యేదేముంది" అనుకున్నవాడు మూడేళ్లలో పెద్ద పొరపాటు చేసినట్టయింది. మధ్యలో మారిందల్లా పోటీ ఆకారం. 2021లో తెలుగుదేశం, బీజేపీ విడివిడిగా నిలబడ్డాయి. 2024లో ఒక్కటయ్యాయి. దాంతోపాటు గాలి మారింది. పాత మెజారిటీ కంటే ముందు ఎవరెవరు కలిశారు, ఎవరెవరు విడిపోయారన్నది చూసుకోవాలి.

2021 ఉప ఎన్నికలో ఇంకో విషయం ఉంది. పోలింగ్ 64 శాతం దగ్గరే ఆగింది, ఫలితం మీద ఎవరికీ సందేహం లేదు. 2019లో 16 వేలు తెచ్చుకున్న బీజేపీ ఆ ఎన్నికలో జనసేన మద్దతుతో 57 వేలకు చేరింది. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోయినచోట జనం మనసులో ఉన్న పార్టీకి ధైర్యంగా వేస్తారు. చిన్న పార్టీల అసలు బలం తెలిసేది ఇలాంటి చప్పటి ఎన్నికల్లోనే.

మూడో అభ్యర్థిని జనం ఎంతమేరకు వదిలేశారో చూడడానికి ఒక తేలికైన కొలత ఉంది. మూడో స్థానం ఓట్లను రెండో స్థానం ఓట్లతో భాగించాలి. సున్నాకు దగ్గరైతే, పోటీ ఇద్దరి మధ్యేనని ఓటర్లకు గట్టిగా తెలుసన్నమాట. ఒకటికి దగ్గరైతే, రెండో స్థానం ఎవరిదో జనానికే తేలలేదు. తిరుపతి లోక్‌సభలో ఇది 2019లో 0.05, 2021లో 0.16, 2024లో 0.11. అన్నిసార్లూ తక్కువే. ఇక్కడ ఓటరుకు "పోటీ ఎవరి మధ్య?" అన్నదాంట్లో గందరగోళం లేదు. గందరగోళం లేనిచోట మూడో పార్టీకి పడిన ఓటు తెలియక వేసింది కాదు, తెలిసే వేసింది. అందుకే దాన్ని వృథా అనడం కాస్త అహంకారంగా ఉంటుంది.

చిత్తూరు లోక్‌సభ కథ వేరు. చంద్రగిరి, నగరి, గంగాధర నెల్లూరు, చిత్తూరు, పూతలపట్టు, పలమనేరు, కుప్పం. 2024లో తెలుగుదేశం అభ్యర్థి దగ్గుమళ్ల ప్రసాదరావు 2,20,479 మెజారిటీతో గెలిచారు. 2019లో వైసీపీ రెడ్డెప్ప లక్షా 37 వేలతో గెలిచారు. ఇంత తేడాలున్న చోట "ఓటు చీలిపోతాది, మాకేయండబ్బా" అన్న ప్రచారం బెదిరింపే తప్ప లెక్క కాదు. 2.2 లక్షల తేడాను బూత్‌లకు పంచితే ఒక్కో బూత్‌కు నూటికి పైగా వస్తాయి. ఒక వీధి మొత్తం కదిలినా చాలదు. ఇలాంటిచోట చిన్న పార్టీ అంటే ఇష్టమున్నవాళ్లు దానికే వేసుకోవచ్చు, ఎవరి గెలుపుకూ అడ్డం రారు.

ఫారం 20 తీసి చూసుకోవడం

ఎవరో చెప్పిన సర్వే కంటే సొంత బూత్ లెక్క నమ్మదగ్గది. ప్రతి ఎన్నిక తర్వాతా బూత్‌లవారీ ఫలితం ఫారం 20 అనే పట్టికలో ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాలవారీగా దొరుకుతుంది. ఒక్కో వరసలో పోలింగ్ స్టేషన్ నంబరు, ఒక్కో అభ్యర్థి ఓట్లు, మొత్తం చెల్లిన ఓట్లు, నోటా ఉంటాయి. లోక్‌సభకు సంబంధించి ఏడు అసెంబ్లీ స్థానాల పట్టికలూ విడివిడిగా ఉంటాయి, కూడుకోవాలి. పోస్టల్ బ్యాలెట్ లెక్క బూత్‌లలో కలవదు, చివర్లో వేరుగా వస్తుంది.

ఇక్కడ దెబ్బ తగిలేది బూత్ నంబర్ల దగ్గర. ఓటర్లు పెరిగినప్పుడు బూత్‌లను విడగొడతారు, నంబర్లు జరుగుతాయి. 2019లో 112 అన్నది 2024లో 112 కాకపోవచ్చు. స్కూలు పేరూ, వీధుల పేర్లూ పట్టుకుని జత చేసుకోవాలి. ఒకే ఎన్నికలో అసెంబ్లీ పట్టికనూ, లోక్‌సభ పట్టికనూ పక్కపక్కన పెట్టి ఒక్కో బూత్ తేడా రాసుకుంటే క్రాస్ ఓటింగ్ ఎక్కడ ఎక్కువ జరిగిందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పార్టీ ఆఫీసుల్లో బూత్ ఇన్‌ఛార్జిలు చేసే పని ఇదే. చిన్న పార్టీలు దీన్ని చేయవు, ఎందుకంటే 1,700 బూత్‌లలో కూర్చోబెట్టడానికి ఏజెంట్లే దొరకరు.

సర్వేల సంగతి ఒక్క లెక్కతో చెప్పొచ్చు. ఒక లోక్‌సభ స్థానంలో 400 మందిని అడిగితే, పద్ధతిగా అడిగినా, అటూ ఇటూ ఐదు శాతం తేడాకు అవకాశం ఉంటుంది. తిరుపతిలో 2024 మెజారిటీ పోలైన ఓట్లలో దాదాపు ఒక్క శాతం. అంత సన్నటి తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే 30 వేల మందికి పైగా అడగాలి. ఏ సంస్థా ఒక్క నియోజకవర్గం కోసం అంతమందిని అడగదు. కాబట్టి వాట్సాప్‌లో తిరిగే "మీ నియోజకవర్గంలో ఎవరు ముందంజ" పోస్టర్‌ను చూసి వ్యూహం మార్చుకుంటే, ఎవరి వ్యూహంలోనో పావు అయినట్టే.

చిన్న పార్టీకి ఓటు ఏ ఖాతాలో జమ అవుతుంది

సీటు రాకపోయినా ఓటుకు ఉపయోగం ఉండే చోట్లు నియమాల్లోనే ఉన్నాయి. మొదటిది డిపాజిట్. లోక్‌సభకు 25 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సగం. తిరుపతి, చిత్తూరు రెండూ ఎస్సీ స్థానాలు కాబట్టి ఎవరు నిలబడినా 12,500 కడితే చాలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే అది వెనక్కి వస్తుంది. తిరుపతి సైజు నియోజకవర్గంలో అది 2 లక్షల 20 వేల పైచిలుకు. మొదటి ఇద్దరికి తప్ప ఎవరికీ రాదు. డిపాజిట్ గల్లంతైందన్న మాట పరువుకు సంబంధించింది, అంతకు మించి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

అసలైంది గుర్తింపు. రాష్ట్రంలో పార్టీగా గుర్తింపు రావాలంటే ఉన్న దారుల్లో కొన్ని: అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లతోపాటు ఇద్దరు ఎమ్మెల్యేలు, లేదా లోక్‌సభ ఎన్నికల్లో 6 శాతంతోపాటు ఒక ఎంపీ, లేదా ఒక్క సీటూ లేకపోయినా 8 శాతం ఓట్లు. ఆంధ్రలో పోలయ్యే ఓట్లు 3.3 కోట్లు అనుకుంటే 6 శాతమంటే సుమారు 20 లక్షలు, 8 శాతమంటే 26 లక్షలు. లోక్‌సభ స్థానానికి సగటున 80 వేలు వస్తే 6 శాతం గీత దాటినట్టు. గుర్తింపు వస్తే గుర్తు సొంతమవుతుంది, నామినేషన్‌కు పదిమంది ప్రతిపాదకుల బదులు ఒక్కరు చాలు, స్టార్ క్యాంపెయినర్లు 20 నుంచి 40కి పెరుగుతారు, ఈవీఎం మీద పేరు పైవరసలోకి వస్తుంది. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు ముందు, మిగతా రిజిస్టర్డ్ పార్టీలు తర్వాత, ఇండిపెండెంట్లు ఆ తర్వాత, చిట్టచివర నోటా. ఒక బ్యాలెట్ యూనిట్ మీద నోటాతో కలిపి 16 బటన్లే ఉంటాయి. అభ్యర్థులు 15 దాటితే చిన్న పార్టీలవాళ్లు రెండో యూనిట్ మీదికి జారిపోతారు.

గుర్తు సొంతం కాకపోతే ఏమవుతుందో తిరుపతి 2021లో చూసింది. ఉప ఎన్నికలో బీజేపీకి మద్దతిచ్చి జనసేన బరిలోంచి తప్పుకుంటే, గాజు గ్లాసు గుర్తు నవతరం పార్టీ అనే ఇంకో పార్టీ అభ్యర్థికి వెళ్లింది. గ్లాసు చూసి గ్లాసు నొక్కే అభిమాని ఓటు అసలు ఎవరికి పోయినట్టు? 2024 ఫలితాల తర్వాత, 2025 జనవరిలో జనసేనకు గుర్తింపు దక్కాకే ఆ తలనొప్పి తీరింది.

ఓట్లు ఎన్ని అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. జనసేన 2019లో 130కి పైగా అసెంబ్లీ స్థానాల్లో పోటీ చేసి అయిదున్నర శాతం తెచ్చుకుంది, గెలిచింది ఒక్క రాజోలు. 2024లో 21 చోట్లే పోటీ చేసింది, ఓట్లు 7 శాతంలోపే, గెలిచింది 21. పరిచినప్పుడు ఒకటి, కుప్ప పోసినప్పుడు ఇరవై ఒకటి. దానికి పొత్తు ఓట్లు తోడయ్యాయన్నది నిజం. ఆ పొత్తు కుదిరింది కూడా 2019 చూశాక అది చీల్చగలదని అనిపించినందుకే. ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని 2022 మార్చిలో పవన్ కల్యాణ్ అనగలిగారంటే, చీల్చే శక్తి ఒకటి చేతిలో ఉందని అవతలివాళ్లు ఒప్పుకున్నారు గనకే.

అయితే ఈ ఖాతాలో దాచిన సొమ్ముకు పూచీ లేదు. 2009లో ప్రజారాజ్యం ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 16 శాతం ఓట్లు తెచ్చుకుంది. అసెంబ్లీలో 294కు 18 సీట్లు, లోక్‌సభలో సున్నా. 2011లో పార్టీ మొత్తం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మూడింట రెండొంతుల మంది శాసనసభ్యులు ఒప్పుకుంటే విలీనానికి ఫిరాయింపు చట్టం అడ్డు రాదు. తిరుపతిలో ప్రజారాజ్యానికి వేసిన ఓటు రెండేళ్లలో, ఎవరికి వ్యతిరేకంగా వేశారో ఆ పార్టీకే చేరింది. 2012లో ఉప ఎన్నిక వస్తే తిరుపతి ఓటర్లు భూమనను గెలిపించారు. 2024లోనూ చూడండి, తిరుపతిలో జనసేన టికెట్ దక్కింది అప్పటిదాకా చిత్తూరు వైసీపీ ఎమ్మెల్యేగా ఉన్నాయనకు. చిన్న పార్టీకి వేసేవాళ్లు మేనిఫెస్టో కంటే ముందు అభ్యర్థి ఎక్కడినుంచి వచ్చాడో, పార్టీ నాయకత్వం ఒక్కరి చేతిలో ఉందా అన్నది చూసుకోవడం మంచిది.

నోటా గురించి రెండు మాటలు చాలు. 2019లో తిరుపతి లోక్‌సభలో నోటాకు 25 వేలకు పైగా పడ్డాయి, కాంగ్రెస్ కంటే, బీజేపీ కంటే ఎక్కువ. దాంతో ఎవరికీ ఏమీ కాలేదు. నోటా ఓట్లు డిపాజిట్ లెక్కలో చెల్లిన ఓట్ల కింద రావు, ఫలితాన్ని రద్దు చేయవు, ఏ పార్టీకీ గుర్తింపు తేవు. నిరసనే చెప్పాలనుకుంటే అంతకంటే చిన్న పార్టీకి వేసిన ఓటుకే లెక్క ఉంది.

రెండో ఇష్టం రాయగలిగితే

ఈ చిక్కంతా లేని ఎన్నిక ఒకటి ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు ఉమ్మడి జిల్లాల తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. అక్కడ ఈవీఎం ఉండదు. కాగితం మీద, అధికారులు ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతో పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తారు. సొంత పెన్ను వాడినా, టిక్కు పెట్టినా, 1ని ఇద్దరికి వేసినా, అంకెకు బదులు అక్షరాల్లో రాసినా ఓటు చెల్లదు. చదువుకున్నవాళ్ల ఎన్నికే అయినా ఈ తప్పులతో పోయే ఓట్లు ప్రతిసారీ కట్టలకొద్దీ తేలతాయి. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ సగం దాటకపోతే, అట్టడుగు అభ్యర్థిని తొలగించి ఆయన కాగితాల మీద రెండో అంకె ఎవరికుందో చూసి వాళ్లకు కలుపుతారు. 2023 మార్చిలో తెలుగుదేశం, వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ రెండో ప్రాధాన్యాలను ఇచ్చిపుచ్చుకోవాలని అనుకున్నది ఇందుకే. తూర్పు రాయలసీమలో తెలుగుదేశం అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్ గెలిచారు. పక్కనున్న పశ్చిమ రాయలసీమలో ఫలితం చివరి తొలగింపుల దాకా సాగి, రెండో అంకెల మీదే తేలింది.

ఆ పద్ధతిలో చిన్న పార్టీకి 1 వేసినవాడు ఎవరినీ ముంచడు, ఎవరి మాటా పడడు. 2019లో తిరుపతి అసెంబ్లీ ఇలా జరిగి ఉంటే ఆ 12 వేల కాగితాల మీద రెండో అంకె ఎటుందో లెక్కపెట్టి చూసేవాళ్లు, వాదనకు తావుండేది కాదు. అదే పట్టభద్రుడు లోక్‌సభ ఎన్నికకు వెళ్తే చేతికి ఒక్క బటన్ దొరుకుతుంది. నొక్కాక వీవీప్యాట్ అద్దం వెనక ఏడు సెకన్లపాటు చీటీ కనిపిస్తుంది. దాని మీద ఒక నంబరు, ఒక పేరు, ఒక గుర్తు ఉంటాయి.